సాలిడ్ ఓక్ టీపాయ్, సైడ్ టేబుల్: ఏం చూసి కొనాలి?

కొత్తసోఫా:
హాల్లోకి ఓక్ చెక్కవి రెండు బల్లలు కావాలండీ. సోఫా ముందు టీపాయ్ ఒకటి, నాన్న కూర్చునే మూలకి సైడ్ టేబుల్ ఒకటి. మూడు రోజులుగా ఫొటోలు చూస్తున్నా. ఒకచోట 'సాలిడ్ ఓక్', ఇంకోచోట 'ఓక్ ఫినిష్', మరోచోట 'సాలిడ్ ఓక్ అండ్ వెనీర్' అని రాశారు. నా కళ్ళకి మాత్రం అన్నీ ఒకటే. సోఫా పొడవు 210 సెం.మీ., సీటు ఎత్తు 44, చెయ్యి ఆనించే చోటు 60. నాన్నకి మోకాళ్ళ నొప్పులు, పక్కన ఏది ఉంటే దాని మీద చెయ్యి మోపి లేస్తారు. ఒంటికాలి గుండ్రటి బల్ల ఒకటి తెగ నచ్చింది. తీసుకోవచ్చా?

టేపుకొలత:
ఆ ఒంటికాలిది మర్చిపోండి. అంచు మీద బరువు పడితే అవతలి అంచు లేస్తుంది. నాలుగు కాళ్ళూ మూలల్లో ఉన్నది చూడండి, ఎత్తు 57 నుంచి 60 లోపు. టీపాయ్ సీటుకి సమానంగానో, రెండు మూడు సెంటీమీటర్లు కిందికో ఉంటే చాలు. పొడవు సోఫాలో మూడింట రెండు వంతులు, అంటే మీకు 140 దాకా. సోఫాకీ దానికీ మధ్య 40 వదలండి. కొనేముందు పాత న్యూస్‌పేపర్లు ఆ కొలతకి నేల మీద పరిచి రెండు రోజులు చుట్టూ తిరగండి, కాలికి అడ్డం వస్తుందో లేదో తెలిసిపోతుంది.

చిత్రిక:
ఫొటోలో పైభాగం చూపిస్తారు, మీరు చూడాల్సింది అడుగుభాగం. నేనైతే షోరూంలో మోకాళ్ళ మీద కూర్చుని బల్ల కిందికి దూరిపోతా. మా ఆవిడ నేనెవరో తెలియనట్టు పక్కకి వెళ్ళిపోతుంది.

ముందు పలక కొస, అంటే అడ్డంగా కోసిన చివర చూడండి. అసలు చెక్కయితే పైన పారిన గీతలు కొస దగ్గరకొచ్చేసరికి వంపు గీతలుగా, సన్నని రంధ్రాలుగా కనిపిస్తాయి. పైన ఉన్న గీతలే కొసన కూడా అలాగే సాగితే పైన అంటించింది వెనీరే, అంటే పల్చటి చెక్క పొర. 'ఓక్ ఫినిష్' అంటే రంగు మాట, చెక్క మాట కాదు. ఐదారు పలకలు అతికించి ఉంటే మాత్రం మోసం అనుకోకండి. ఒకే వెడల్పాటి పలక దొప్పలా వంగే భయం ఎక్కువ.

ఇక అసలు సంగతి. ఓక్ పొడవులో దాదాపు కదలదు, అడ్డంగా మాత్రం తేమకి ఉబ్బుతుంది, పొడిగాలికి ముడుచుకుంటుంది. 60 సెం.మీ. వెడల్పు పలక గాలిలో తేమ బాగా మారే ఇంట్లో 5 మి.మీ. దాకా కదలడం మామూలే. అందుకే పైపలకని చట్రానికి బిగించిన స్క్రూలు గుండ్రటి బెజ్జాల్లో కాకుండా కోలగా ఉన్న గాడిలో ఉండాలి, లేదా ఎనిమిది అంకె ఆకారంలో ఉండే ఇనుప బిళ్ళలు వాడి ఉండాలి. జిగురుతో చుట్టూ అతికించేశారంటే అది ఎప్పుడో పగిలే బల్ల. నా మొదటి బల్ల అలాగే పగిలింది, చేసింది నేనే, ఎవరిని తిట్టను?

వైట్ ఓక్ దొరికితే మంచిది. దాని చేవలో, అంటే మాను లోపలి గట్టి చెక్కలో, రంధ్రాలు సహజంగానే పూడుకుపోయి ఉంటాయి, పీపాలకి వాడేది అందుకే. రెడ్ ఓక్ చిన్న ముక్క కొసన నోరు పెట్టి ఊదితే, నీళ్ళలో ఉన్న రెండో కొసన బుడగలొస్తాయి! అయినా హాల్లో పెట్టే బల్లకి పాలిష్ బాగుంటే రెండూ పనికొస్తాయి.

తడిగుడ్డ:
పాలిష్ గురించి నా అనుభవం. మాది ఆయిల్ పూసిన ఓక్ బల్ల. ఇనుప స్టాండు కింద కాస్త తడి ఉండిపోయింది, పొద్దున్నకి కాటుక దిద్దినట్టు నల్లటి వలయం. ఓక్‌లో ఉండే టానిన్ అనే వగరు పదార్థానికి ఇనుము, నీళ్ళు తగిలితే అంతేనట. గరుకు కాగితంతో మూడుసార్లు రుద్దినా పోలేదు. చివరికి ఆక్సాలిక్ యాసిడ్‌తో పోయింది, గ్లౌజులు వేసుకునే చేయండి. ఆయిల్ అయితే గీత పడిన చోట మాత్రం రుద్ది మళ్ళీ పూసుకోవచ్చు. లాకర్, అంటే పైన పొరలా ఆరే పాలిష్, నీళ్ళకి బాగా ఆగుతుంది, కానీ పొర లేచిపోతే మొత్తం గీకేయాల్సి రావచ్చు. అన్నట్టు ఆయిల్ గుడ్డలు ఉండలు చుట్టి పడేయకండి, లిన్సీడ్ ఆయిల్ అయితే వాటంతటవే వేడెక్కి అంటుకుంటాయి. విప్పి పరిచి ఆరబెట్టండి.

కొత్తసోఫా:
నిన్న వెళ్ళి కిందికి దూరానండీ. 'సాలిడ్' అని రాసిన మొదటి టీపాయ్ కొసన గీతలు పైనున్నట్టే ఉన్నాయి, వదిలేశా. సైడ్ టేబుల్ ఒకటి దొరికింది, 58 ఎత్తు, స్క్రూలు కోల గాడిలోనే ఉన్నాయి. నాన్న వంగీ చూడలేదు, కొసా చూడలేదు. పక్కన కుర్చీలో కూర్చుని, దాని మీద చెయ్యి మోపి లేచారు, మళ్ళీ కూర్చుని మళ్ళీ లేచారు. కదల్లేదు, తీసుకున్నాం. టీపాయ్ ఇంకా తేలలేదు, హాల్లో న్యూస్‌పేపర్లు అలాగే పరిచి ఉన్నాయి.