అప్‌డేట్: ఫ్యాన్‌ది తప్పు కాదు, దొంగగాలిది

పోయిన నెల ఇక్కడ అడిగింది నేనే. ఎర్రగుంట్ల దగ్గర ఒక సిమెంట్ ప్లాంటులో షిఫ్ట్ చూస్తాను. ఉత్పత్తి అంతే ఉన్నా ప్రీహీటర్ (బట్టీలోకి పోయే ముడిపొడిని వేడి వాయువుతో ముందే కాచే టవర్) ఐడీ ఫ్యాన్ (ఆ వాయువును పైకి లాగే పెద్ద ఫ్యాన్) కరెంటు ఎందుకు పెరుగుతోందని అడిగితే, ముందు బయటి గాలి, అదే దొంగగాలి, ఎక్కడ దూరుతోందో చూడమన్నారు. నేనేమో ఇంపెల్లర్‌కు (ఫ్యాన్ రెక్కల చక్రానికి) దుమ్ము పేరుకుందనుకుని మొండిగా ఉన్నా.

బయటి గాలి కలిస్తే వాయువులో ఆక్సిజన్ పెరుగుతుంది కాబట్టి, చివరికి అదే కొలిచాం. అడుగు సైక్లోన్ (వాయువు నుంచి పొడిని వేరుచేసే గరాటు లాంటి పాత్ర) దాటాక 3 శాతం, పై సైక్లోన్ దాటాక 7. తేడా 4ను, మామూలు గాలిలో ఉండే 21లోంచి 7 తీసేస్తే మిగిలే 14తో భాగిస్తే, అడుగు నుంచి వచ్చే వాయువులో దాదాపు 29 శాతమంత బయటి గాలి దూరుతోందన్నమాట. అంతా ఉత్త చల్లగాలి! దాన్ని వేడి చేయడానికి బొగ్గు, లాగడానికి కరెంటు.

లోపల పీడనం తక్కువ కాబట్టి సందు ఉన్నచోట గాలి లోపలికే పోతుంది. ఊదుబత్తి వెలిగించి ఒక్కో తలుపు దగ్గర పట్టుకుంటూ టవర్ ఎక్కినా. 'ఏమన్నా, పూజ చేస్తాండావా?' అని ఫిట్టర్లు ఒకటే నవ్వు. మూడో అంతస్తులో ఇన్‌స్పెక్షన్ డోర్ దగ్గర పొగ తాడులా సాగి సందులోకి పోయింది. నవ్వులు ఆగినాయి. సీల్ తాడు కాలి పొడైపోయింది. పోక్ హోల్స్‌కు (లోపల పేరుకున్నది కడ్డీతో పొడిచే రంధ్రాలకు) మూతలే లేవు, రెండింట్లో గోనెసంచి కుక్కినారు.

సిరామిక్ తాడు, కొత్త మూతలు వేశాక పైన ఆక్సిజన్ 4.5కి దిగింది, అంటే దొంగగాలి 9 శాతం. ఫ్యాన్ కరెంటూ తగ్గింది. చిరిగిన ఎక్స్‌పాన్షన్ జాయింట్ (వేడికి సాగే గొట్టాల మధ్య అతుకు) ఒకటి మిగిలింది, దానికి షట్‌డౌన్ కావాలి.