సైన్యం, రేషన్ కలిస్తే వేర్పాటు ఆగుద్దా? మిజోరం సంగతి తేల్చండి

కొండపి కుర్రోడు: ఆగుద్దనే నా వాదన. 1967లో మిజో ఊళ్లను రోడ్డు పక్కకు చేర్చారు, కాపలా పెట్టారు, రేషన్ ఇచ్చారు. విడిపోతామని తిరగబడ్డ ఎంఎన్‌ఎఫ్ (మిజో నేషనల్ ఫ్రంట్) వాళ్లకు తిండీ, కబురూ రెండూ ఆగాయి. కాదనేవాళ్లు చెప్పండి.

మార్కాపురం పలక: కాదు. అట్లా చేర్చిన ఊళ్లకు ‘రక్షిత, ప్రగతి గ్రామాలు’ అని పేరు. ప్రగతి పేరులోనే ఉంది. మిజోలది పోడు సేద్యం. కొండ నరికి, ఎండబెట్టి, కాల్చి, తొలివానకు విత్తాలి. ఆపైన కలుపు, పిట్టల కాపలా. ఊరు కదిలిస్తే పోడు దూరమైపోయింది. చీటీ చూపించి గేటు దాటాలి, చీకటి పడకముందే తిరిగి రావాలి. నడకకే పూట గడిస్తే కలుపెవరు తీస్తారు? పంట పడిపోయి జనం రేషన్ మీద పడ్డారు. పండించుకునేవాణ్ని వరసలో నిలబెట్టి సంక్షేమం అంటే ఎట్లా? అదీ 1966 మార్చిలో ఐజ్వాల్ మీద విమానాలతో దాడి చేశాక. అసలు తగాదా పుట్టిందే తిండి దగ్గర. 1959లో వెదురు పూసి, ఆ గింజలు తిని ఎలుకలు పెరిగి, పంట మీద పడి కరువొచ్చింది. కరువు సాయానికి పెట్టిన సంఘమే 1961లో ఎంఎన్‌ఎఫ్ అయింది.

కొండపి కుర్రోడు: సరే అన్నా, తరలింపు తప్పే. కానీ ఒత్తిడి లేకపోతే ఎంఎన్‌ఎఫ్ నాయకుడు లాల్‌డెంగా దిగొచ్చేవాడా? మన నల్లమల చూడండి (అది వేర్పాటు కాదులే). 2004 అక్టోబరులో చిన్నారుట్ల దగ్గర మావోయిస్టు నాయకుడు రామకృష్ణ అడవి నుంచి బయటికొచ్చారు, ప్రభుత్వంతో చర్చలు జరిగాయి, 2005 జనవరికి చెడ్డాయి. తర్వాత పనిచేసింది పోలీసుల ప్రత్యేక దళం గ్రేహౌండ్సే.

పెన్నా ఇసుక: అక్కడ చెడింది ఆయుధాలు, భూమి దగ్గర. మిజోరంలో ఆయుధాల అప్పగింత, రాష్ట్ర హోదా రెండూ 1986 జూన్ 30 ఒప్పందంలోనే ఉన్నాయి. ముఖ్యమంత్రి లాల్ థన్‌హావ్లా కుర్చీ దిగి లాల్‌డెంగాకు ఇచ్చారు. అట్లా దిగే సీఎంను మనవైపు చూపించండి చూద్దాం!

కొండపి కుర్రోడు: అయితే సైన్యం కట్టే బళ్లు, వైద్య శిబిరాలు దండగంటారా?

మార్కాపురం పలక: దండగ కాదు, సగం పని. గోడలు సైన్యం కడుతుంది, పంతులు పోస్టు రాష్ట్రానిది. బెటాలియన్ మారగానే మందుల బీరువాకు తాళం పడుద్ది. నిర్వహణ ఖర్చు ఏ శాఖదో ముందే రాసుకోకపోతే అంతే.

పెన్నా ఇసుక: లొంగుబాటుదీ అదే తంతు. 2018 నుంచి ఈశాన్యంలో లొంగిపోయినవాళ్లకు 4 లక్షల డిపాజిట్, నెలకు 6 వేలు, గరిష్ఠంగా 36 నెలలు. డిపాజిట్ తాకట్టుతో సొంత పనికి అప్పు తీసుకోవచ్చు. ఆ అప్పు మొదటి ఏడాదే ఇప్పించకపోతే 37వ నెలలో అతనికి తెలిసిన పని తుపాకీ ఒక్కటే.