అక్వేరియం అద్దం మీద గీత: పాలిష్ చేయించాలా, వదిలేయాలా?

గుంటూరు_గోల్డ్‌ఫిష్:
మూడడుగుల ట్యాంకు, 8 ఎంఎం అద్దం, నీళ్లు 18 అంగుళాలు. ఆదివారం పాచి తుడుస్తుంటే మాగ్నెట్ క్లీనర్ కింద ఇసుక రేణువు ఇరుక్కుంది. చూసుకోలేదు. ముందు అద్దానికి లోపలి వైపు, అడుగు నుంచి జానెడు ఎత్తులో, బెత్తెడు పొడవున నిలువు గీత పడింది. గోరుతో రాస్తే తగిలీ తగలనట్టుంది. అద్దాల పని చేసే అతను "నీళ్లు తీసేయండి, పాలిష్ కొట్టి ఇస్తా" అన్నాడు. అద్దం పగిలి హాలంతా నీళ్లవుతాయేమోనని అమ్మకు టెన్షన్. నాకేమో ఆరేళ్లుగా పెంచుతున్న చేపల్ని బకెట్లలోకి మార్చడమంటే భయం. ఏం చేయమంటారు?

నాలుగడుగుల_ట్యాంకు:
చేయించేయండి బ్రో. సీరియం ఆక్సైడ్ పొడిని నీళ్లలో కలిపి, డ్రిల్లుకి ఫెల్ట్ ప్యాడ్ బిగించి మెల్లగా తిప్పితే గీత పోతుంది. నా ట్యాంకుకి బయటి వైపు అరచేయంత మేర మసక గీతలుండేవి. రెండు సాయంత్రాలు పట్టింది కానీ ఇప్పుడు వెతికినా కనపడవు. రోజూ కళ్లెదుట ఉండే గీతని ఎన్నేళ్లు చూస్తూ కూర్చుంటారు?

పాచి_దూది:
టూత్‌పేస్ట్ రాసి చూడండి, మా ఫోన్ స్క్రీన్ మీద గీతలు కాస్త తగ్గాయి.

కృష్ణా_ఇసుక:
తమ్ముడూ, పాలిష్ వద్దు. కారణం చెప్తాను, కాస్త ఓపిగ్గా చదువు.

మన నదుల ఇసుకలో ఎక్కువ భాగం క్వార్ట్జే. మోస్ కొలమానంలో దాని గట్టిదనం 7, అద్దానిది సుమారు 5.5. అందుకే ఒక్క రేణువు చాలు గీయడానికి. అంత గట్టి అద్దం టూత్‌పేస్ట్‌కి లొంగదు. సీరియం ఆక్సైడ్‌కి లొంగుతుంది, నిజమే. కానీ అది గీతని పూడ్చదు, గీత లోతు దాకా చుట్టూ ఉన్న అద్దాన్ని అరగదీస్తుంది. గోరుకి తగిలేంత లోతైతే అక్కడ చిన్న గుంట మిగులుతుంది. చేప అటుగా వెళ్లినప్పుడల్లా సాగి వంకరగా కనిపిస్తుంది. గీత కంటే అదే ఎక్కువ కళ్లలో పడుతుంది. ప్యాడ్ కాసేపు ఎండినా అద్దం ఒక్కచోటే వేడెక్కి పగలొచ్చు. పైగా నీది లోపలి గీత. ఆ పొడి మూలల్లో సిలికాన్ పక్కన చేరితే కడగలేక చస్తావు.

అమ్మగారి భయం సంగతి. అద్దాల కొట్టులో అద్దం కోయడం చూసే ఉంటావు. కట్టర్‌తో సన్నగా ఒక గీత గీస్తారు. గీత పైకి ఉండేలా బల్ల అంచున పెట్టి కిందికి వంచితే టక్కున విరుగుతుంది. గీత ఉన్న వైపు సాగితేనే విరుగుతుంది. ఇప్పుడు నీ ట్యాంకు చూడు. 45 సెంటీమీటర్ల నీళ్లు ఆ ముందు అద్దాన్ని మొత్తమ్మీద 90 కిలోల బరువంత బలంతో బయటికి నెడుతుంటాయి. అద్దం నడిమిభాగం కంటికి తెలియనంతగా బయటికి ఉబ్బుతుంది. అంటే అక్కడ సాగేది బయటి ముఖం, లోపలి ముఖం నొక్కుకుపోతుంది. నీ గీత నడిమిభాగంలో, లోపల ఉంది. అదే గీత బయట ఇంకాస్త లోతుగా ఉంటే ఈ రాత్రే నీళ్లు దించేయమనేవాణ్ని. అడుగున, మూలల్లో సిలికాన్ పట్టుకున్న చోట ఈ లెక్క తిరగబడుతుంది. అక్కడ లోపలి గీతైనా సరే తేలిగ్గా తీసుకోకూడదు.

నాలుగడుగుల_ట్యాంకు:
అన్నా, లోపలి గీత విషయంలో మీ మాట ఒప్పుకుంటా. కానీ పాలిష్ అసలు వద్దంటే ఒప్పుకోను. గోరుకి తగలని బయటి గీతలకి అది పనిచేస్తుంది, నా ట్యాంకే సాక్ష్యం.

కృష్ణా_ఇసుక:
గోరుకి తగలనివైతే, ట్యాంకు ఖాళీగా ఉంటే, ఓపిక ఉంటే చేసుకోవచ్చు. కాదనను. బయట నడిమిభాగంలో లోతైన గీత పడితే మాత్రం పాలిష్‌తో కప్పిపెట్టొద్దు, ఆ పలకే మార్పించాలి. అక్రిలిక్ అనే ప్లాస్టిక్‌తో చేసిన ట్యాంకుల సంగతి వేరు, అవి మెత్తన, తేలిగ్గా అరుగుతాయి. వాటిని పాలిష్ చేసే వీడియోలు చూసి అద్దం మీద ప్రయత్నించేవాళ్లే ఎక్కువ.

తమ్ముడూ, ఇంకో మాట. ట్యాంకు ఖాళీ చేసి గీతని చూసి బెంగపడకు. వెలుగు గాలిలోంచి అద్దంలోకి వెళ్లేటప్పుడు బాగా వంగుతుంది, నీళ్లలోంచి వెళ్లేటప్పుడు తక్కువ వంగుతుంది. వెలుగుని ఎంత వంచుతుందో చెప్పే అంకె, అంటే వక్రీభవన గుణకం, గాలికి 1, నీటికి 1.33, అద్దానికి 1.52. గీతలో నీళ్లు నిండితే సగం మాయమైనట్టే.

గుంటూరు_గోల్డ్‌ఫిష్:
అన్నా, నిన్న నీళ్లు మార్చేటప్పుడు కావాలనే గీత మధ్యదాకా దించి చూశాను. పైన ఉన్న సగం తెల్లదారంలా మెరుస్తోంది. నీళ్లలో ఉన్న సగం ఎక్కడుందో తల అటూ ఇటూ తిప్పితే గానీ దొరకలేదు. అమ్మని పిలిచి చూపించాను. పాలిష్ వద్దనుకున్నాం. మాగ్నెట్ క్లీనర్ ఇసుకకి రెండంగుళాల పైన ఆపేసి, కింది భాగం స్పాంజితో చేత్తోనే తుడుస్తున్నా. గీత రెండు చివర్లా బయటి వైపు మార్కర్‌తో చుక్కలు పెట్టాను. చుక్క దాటి ఒక్క వెంట్రుకంత పెరిగినా చేపల్ని బకెట్లలోకి మార్చి నీళ్లు దించేస్తా.