గుల్‌మార్గ్‌లో పిస్ట్ (సిద్ధం చేసిన స్కీ దారి) దాటి దిగాలంటే అవలాంచ్ (మంచు విరిగిపడటం) కోర్సు తప్పనిసరా? చేసినవాళ్లు చెప్పండి

కొండారెడ్డి బురుజు (కర్నూలు)
అందరికీ నమస్తే. మాది కర్నూలు, గ్యాంగ్‌లో కొందరు ఇక్కడే, కొందరు బెంగళూరులో. పోయిన సీజన్‌లో గుల్‌మార్గ్‌లో స్కీయింగ్ బేసిక్ చేశాం, ఇద్దరు స్నోబోర్డ్ పట్టుకున్నారు. ఈసారి ఫిబ్రవరిలో గండోలా (కేబుల్ కార్) ఫేజ్ 2 ఎక్కి, అఫర్వత్ కొండ పైనుంచి మామూలు దారిలో కాకుండా పక్క లోయల్లోకి దిగాలని మావాళ్ల పట్టు. అక్కడి గైడ్‌ని ఫోన్లో అడిగితే "బీకన్ ఇస్తాం సార్, టెన్షన్ వద్దు" అన్నాడు. బీకన్ (మంచు కింద కూరుకున్నవాళ్లను వెతకడానికి సిగ్నల్ పంపే, పట్టే పరికరం) ఒకటి ఉంటే చాలా, లేక అవలాంచ్ ట్రైనింగ్ అని విడిగా చేయాల్సిందేనా? ఇంకో సంగతి, మా ఇంట్లో మంచు అంటేనే 2016 ఫిబ్రవరి గుర్తొస్తుంది. సియాచిన్‌లో మంచు విరిగిపడి మద్రాస్ రెజిమెంట్ జవాన్లు పదిమంది పోయారు కదా, అందులో మన కర్నూలు జిల్లా సిపాయి ముస్తాక్ అహ్మద్ ఒకరు. అప్పుడు రోజంతా టీవీ ముందు కూర్చున్న అమ్మ ఇప్పుడు నా టికెట్లు క్యాన్సిల్ చేయమంటోంది.

ఉగ్గాని బజ్జి (అనంతపురం)
సామీ, వాన పడితే బయటికొచ్చి ఫొటో తీసుకునే జిల్లా మాది, మీరేమో మంచు కింద పడకుండా ట్రైనింగ్ అంటున్నారు 😀 సరే, సీరియస్‌గానే అడుగుతున్నా. రిసార్ట్ లోపల స్కీ చేసుకునేవాళ్లకు కూడా ఈ గొడవ ఉంటుందా?

ధర్మవరం టు డెన్వర్
ఉగ్గాని అన్నా, రిసార్ట్ లోపల స్కీ పెట్రోల్ వాళ్లు చూసుకుంటారు, కొత్త మంచు ఎక్కువ పడితే పేలుడు పదార్థాలు పెట్టి వాళ్లే ముందుగా కిందికి దించేస్తారు, ప్రమాదమనిపిస్తే లిఫ్ట్ ఆపేస్తారు. ఆ హద్దు దాటినాక ఎవరూ చూసుకోరు. గుల్‌మార్గ్‌లో చిక్కేంటంటే గండోలా దిగి కాసేపు పక్కకు నడిస్తే చాలు, హద్దు దాటిపోతారు.

బురుజు తమ్ముడూ, నేను కొలరాడోలో అవలాంచ్ కోర్సు లెవెల్ 1 చేశాను, కాబట్టి కొంచెం పొడుగ్గా రాస్తా. కోర్సు మూడు రోజులు, కొంత క్లాసు, ఎక్కువ భాగం బయట మంచులో. అందరూ బీకన్ నేర్చుకోవడానికి వస్తారు, కానీ మొదట నేర్పేది బీకన్ కాదు, వాలు. స్లాబ్ అవలాంచ్‌లు (మంచు పొర బండలా ఒకేసారి జారేవి) ఎక్కువగా విరిగేది 30 నుంచి 45 డిగ్రీల మధ్య వాలు మీద, అందులోనూ 38 దగ్గర మరీ ఎక్కువ. అంతకన్నా బాగా నిటారుగా ఉంటే మంచు నిలబడక ఎప్పటికప్పుడు జారిపోతుంది, తక్కువ ఉంటే కదలదు. మనకు స్కీయింగ్ మజా వచ్చేది కూడా సరిగ్గా ఆ 30-45 లోనే, తలనొప్పంతా అక్కడే.

రెండోది పొరలు. సీజన్ మొదట్లో పడిన పల్చటి మంచు చలికి గరుకు గింజల్లా మారిపోతుంది, ఒకదానికొకటి అంటుకోవు. దాని మీద తర్వాతి తుఫానులో గట్టి పొర పడితే బొరుగుల మీద కడప బండ పరిచినట్టే. పైకి చూస్తే అందంగా తెల్లగా ఉంటుంది, మన బరువు పడగానే కింద గింజలు కూలి, బండ మొత్తం ఒకేసారి విరిగి జారుతుంది. ప్రాణాలు తీసిన అవలాంచ్‌లలో పదింటికి తొమ్మిది, అందులో చిక్కుకున్న మనిషో అతని పక్కవాళ్లో కదిలించినవే. ఊరికే పైనుంచి వచ్చి మీద పడేవి తక్కువ.

గుర్తులు నేర్పిస్తారు. పక్క కొండ మీద అప్పటికే విరిగి ఉంటే, కాలు పెట్టగానే 'వుంఫ్' అని శబ్దం వస్తే, స్కీ ముందు నుంచి పగుళ్లు పాకితే, ఇక ఆ రోజు ఆ వాలు వైపు పోవద్దు. ముందురోజు ఒక అడుగు కొత్త మంచు పడినా, గట్టి గాలి వీచినా, సడన్‌గా వేడెక్కినా జాగ్రత్త. గాలి ఒక వైపు నుంచి మంచు ఎగరేసుకొచ్చి శిఖరానికి అవతలి వైపు పేరుస్తుంది, ఆకాశం నుంచి ఏమీ పడని రోజు కూడా అక్కడ బరువు పెరిగిపోతూ ఉంటుంది. గుంట తవ్వి పొరలు చూడటం, 30 సెంటీమీటర్ల చదరపు స్తంభం కోసి పైన పార పెట్టి మణికట్టుతో పది దెబ్బలు, మోచేతితో పది, భుజంతో పది కొట్టి ఏ దెబ్బకు విరిగిందో చూడటం, ఇవన్నీ చేయించారు. కానీ ఒక గుంట ఫలితం చూసి కొండంతా సేఫ్ అనుకోవద్దని మా ఇన్‌స్ట్రక్టర్ పదే పదే చెప్పేవాడు.

దేవునికడప
పైన చెప్పింది కరెక్టు. నేను ఆర్మీలో ఉండగా కొన్ని చలికాలాలు కాశ్మీర్‌లో చేశాను, స్కీయింగ్ సరదాకు కాదు, డ్యూటీకి. ఎండ తగలకముందే వాలు దాటేయాలి. ఒక్కొక్కరే దాటాలి, మిగతావాళ్లు సేఫ్ జాగాలో నిలబడి కళ్లార్పకుండా చూడాలి, ఎందుకంటే మనిషి ఆఖరుగా కనిపించిన చోటు తెలిస్తే వెతకడం సగం అయిపోయినట్టే. బ్యాగు ఛాతీ బెల్టు విప్పాలి, స్టిక్కుల పట్టీలు మణికట్టుకు ఉండకూడదు. మాకు ఎర్ర తాడు ఉండేది, నడుముకు కట్టి వెనక వదిలేవాళ్లం, మనిషి మునిగినా తాడు కొస పైన తేలుతుందని. ఇప్పుడు బీకన్లు వచ్చాయి, మంచిదే.

ఇంకోటి. చండీగఢ్‌లో డీజీఆర్‌ఈ అని డీఆర్‌డీవో సంస్థ ఉంది, పాత పేరు సాసే. అవలాంచ్ హెచ్చరికలు వాళ్లే ఇస్తారు, జమ్మూ కాశ్మీర్ డిజాస్టర్ మేనేజ్‌మెంట్ వాళ్లు వాటిని జనానికి పంపుతారు. రోజూ చూడండి.

కొండారెడ్డి బురుజు (కర్నూలు)
థాంక్యూ సార్. ఆ హెచ్చరికలు కొన్ని చూశాను, "బారాముల్లా జిల్లాలో ఇన్ని మీటర్ల పైన మధ్యస్థ ప్రమాదం" అని ఉంటుంది. గుల్‌మార్గ్ ఆ జిల్లాలోనే కాబట్టి, మధ్యస్థం అంటే వెళ్లొచ్చు అనుకోవాలా?

ధర్మవరం టు డెన్వర్
అక్కడే మోసపోతారు. అది జిల్లా మొత్తానికి చెప్పింది, నువ్వు నిలబడిన వాలుకు కాదు. ఇక్కడ యూరప్, అమెరికాల్లో స్కేలు ఒకటి నుంచి ఐదు. చావులు ఐదు ఉన్న రోజు కాదు, ఎక్కువగా మూడు ఉన్న రోజు జరుగుతాయి. ఐదు అంటే ఎవడూ ఇంట్లోంచి కదలడు. మూడు అంటే "మధ్యలోనే ఉంది కదా పోదాం పద" అంటారు.

తాడిపత్రి స్నోబోర్డర్
నేను గుల్‌మార్గ్‌లో గైడ్‌తో బయట దిగాను. అక్కడ అద్దెకు బీకన్, ప్రోబ్ (మంచులో పొడిచి వెతికే పొడవాటి కడ్డీ), పార మూడూ దొరికాయి, కానీ నాకు ఇచ్చిన బీకన్ పాతది, బ్యాటరీ మూతకు టేపు వేసి ఉంది. మార్చమంటే షాపతను "అన్నీ ఇలాగే ఉంటాయి" అన్నాడు, పక్క షాపులో మంచిది దొరికింది. అద్దెకు తీసుకునేవాళ్లు అక్కడే ఆన్ చేసి, ఇంకో బీకన్‌తో పట్టి చూసి డబ్బులివ్వండి. ఏ కంపెనీదైనా అన్నీ 457 కిలోహెర్ట్జ్ మీదే పనిచేస్తాయి కాబట్టి ఒకరిది ఒకరికి కలుస్తుంది. ఆల్కలైన్ బ్యాటరీలు ఇంటి నుంచే తీసుకుపోండి, రీచార్జబుల్ వేస్తే చార్జింగ్ శాతం తప్పుగా చూపిస్తుంది.

గైడ్ మంచివాడే, దారులు అరచేతిలో ఉన్నట్టు తెలుసు. కానీ గైడే మునిగితే? అతన్ని తవ్వి తీయాల్సింది మనమే కదా. "బీకన్ ఇస్తాం" అన్న మాట దగ్గర నాకు కోపం వచ్చేది అందుకే. నా ఒంటి మీద బీకన్ నన్ను కాపాడదు, నా పక్కవాడికి దాన్ని వాడటం వస్తేనే కాపాడుతుంది.

కొండారెడ్డి బురుజు (కర్నూలు)
తాడిపత్రి అన్నా, వెతకడం అంత కష్టమా? బాణం గుర్తు చూపిస్తుంది కదా, దాని వెంట పోవడమేగా?

తాడిపత్రి స్నోబోర్డర్
బాణం నేరుగా తీసుకుపోదు అబ్బీ, వంకరగా తిప్పి తిప్పి తీసుకుపోతుంది, సిగ్నల్ గీతలు అలా వంగి ఉంటాయి. మొదటిసారి చూస్తే మెషిన్ పాడైందనుకుంటావు. దగ్గరికి వచ్చేకొద్దీ నెమ్మదించాలి, ఆఖరి మూడు మీటర్లలో బీకన్‌ని మంచుకు ఆనించి, అటూ ఇటూ కాకుండా ప్లస్ ఆకారంలో కదిపి, అన్నిటికన్నా తక్కువ నంబరు ఎక్కడొస్తే అక్కడ ప్రోబ్ దించాలి, నిలువుగా కాదు, వాలుకు లంబంగా. తగలకపోతే ఇరవై ఐదు సెంటీమీటర్ల ఎడంతో చుట్టూ తిరుగుతూ పొడవాలి. తగిలితే ప్రోబ్ బయటికి తీయకూడదు. తవ్వేది నెత్తి మీద నుంచి కాదు, ప్రోబ్‌కు కింది వైపు వాలులో మొదలుపెట్టి అడ్డంగా లోపలికి. ఇదంతా అవుతుండగా ఒకరి బీకన్ సెండ్‌లోనే (సిగ్నల్ పంపే మోడ్‌లోనే) మర్చిపోయి ఉంటే అందరూ బతికి ఉన్నవాడినే వెతుకుతారు! ఫోన్ కూడా వెతికేటప్పుడు బీకన్‌కు అరమీటరు దూరంలో ఉండాలి.

ఇక టైము. పది పదిహేను నిమిషాల్లో బయటికి తీస్తే పదిమందిలో తొమ్మిదిమంది బతుకుతారు, అరగంట దాటితే ఎక్కువమంది బతకరు, ఊపిరాడకే పోతారు. మీటరు లోతులో ఉన్న మనిషిని తీయాలంటే టన్ను పైనే మంచు తోడాలి. రెస్క్యూ టీమ్ వచ్చేది ఆ తర్వాతే.

పెన్నా గట్టు (కడప)
మేం ప్రాక్టీస్ ఇక్కడే చేసుకుంటున్నాం, నవ్వొద్దు. ఎండిన పెన్నా ఇసుకలో. బీకన్‌ని ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి, గోనెసంచిలో చుట్టి ఒకరు ఎక్కడో పాతి వస్తారు, మిగతావాళ్లు స్టాప్‌వాచ్ పెట్టుకుని వెతుకుతారు. సిగ్నల్‌కు ఇసుకైనా మంచైనా పెద్ద తేడా లేదు. పొద్దున ఆరుకు మొదలుపెట్టి ఎండ ముదిరేలోపు ఆపేస్తాం. మొదటి వారం తలా ఒక దిక్కుకు పరిగెత్తారు, ఇప్పుడు ఒకరు బీకన్, ఒకరు ప్రోబ్, ఇద్దరు పార అని ముందే పంచుకుంటున్నారు. తవ్వడం మాత్రం ఇసుకలో అంత బాగా రాదు, గుంట గోడలు కూలిపోతుంటాయి. ఆగిన అవలాంచ్ మంచేమో గట్టిగా బిగుసుకుని ఉంటుంది, అందుకే ప్లాస్టిక్ పార విరిగిపోతుంది, మెటల్‌దే కొనండి.

మనిషిని మాత్రం ఇసుకలో పాతవద్దు, సరదాకు కూడా. మావాడొకడు "నేను పడుకుంటా పాతండి" అన్నాడు, తిట్టి కూర్చోబెట్టాం.

కోణం అంచనా వేయడం కూడా ఇక్కడే నేర్చుకోవచ్చు. ఓర్వకల్లు రాక్ గార్డెన్‌లోనో పెనుకొండ కొండ మీదో నిలబడి, వాలు ఎంతో ముందు నోటితో చెప్పి, తర్వాత ఫోన్‌లో కొలిచి చూడండి. కంటికి 45 అనిపించేది ఫోన్లో 30 చూపిస్తుంది.

రాజంపేట రామసక్కని
అందరూ ట్రైనింగ్ ట్రైనింగ్ అంటున్నారు కాబట్టి ఒక మాట. 2022 అక్టోబరు 4న ఉత్తరాఖండ్‌లో ద్రౌపదీ కా దండా-2 మీద 29 మంది పోయింది ట్రైనింగ్ బ్యాచే కదా, ఉత్తరకాశీ నెహ్రూ పర్వతారోహణ సంస్థది. అదే ఏడాది మేలో ఎవరెస్ట్ ఎక్కిన సవితా కన్స్వాల్ కూడా ఇన్‌స్ట్రక్టర్‌గా అందులోనే ఉంది. గుల్‌మార్గ్‌లో 2023 ఫిబ్రవరి 1న పోయిన ఇద్దరు పోలండ్ స్కీయర్లు, 2024 ఫిబ్రవరిలో పోయిన రష్యన్, మంచు తెలియని దేశాల వాళ్లేం కాదు. మూడు రోజుల కోర్సు చేసి సర్టిఫికెట్ పట్టుకుంటే ధైర్యం ఎక్కువై ఇంకా నిటారు వాలుకు పోతారేమోనని నా భయం. ఎయిర్‌బ్యాగ్ (అవలాంచ్‌లో చిక్కితే గాలితో ఉబ్బే బ్యాగు) కొనుక్కోవడం నయం కదా?

ధర్మవరం టు డెన్వర్
మీ భయం న్యాయమైనదే అక్కా, కోర్సులో కూడా ఇదే చర్చ జరిగింది. ఎయిర్‌బ్యాగ్ పనిచేస్తుంది, కదిలే మంచులో పెద్ద సైజు వస్తువు పైకి తేలుతుంది కాబట్టి. కానీ చెట్లకో రాళ్లకో కొట్టుకుంటే, ఇరుకు వాగులోకి తోస్తే అది ఏమీ చేయలేదు, అవలాంచ్‌లో పోయేవాళ్లలో దాదాపు నలుగురిలో ఒకరు దెబ్బలకే పోతారు. గ్యాస్ సిలిండర్ ఉన్నదైతే విమానంలో తేవడానికి ఎయిర్‌లైన్ నుంచి ముందే పర్మిషన్ తీసుకోవాలి, అదో తంటా.

నాకు కోర్సులో పనికొచ్చింది అసలు మనుషుల గురించి చెప్పిన భాగం. తెలిసిన దారే కదా అనే ధీమా, ముందువాళ్ల స్కీ గుర్తులు కనిపిస్తే సేఫ్ అనుకోవడం, ఇంత ఖర్చు పెట్టి వచ్చాం వట్టి చేతులతో ఎట్ల పోతాం అనే మొండితనం, బాగా వచ్చినవాడు ఏమంటే అదే అనడం. ఈ ఆఖరిది మన గ్యాంగుల్లో మరీ ఎక్కువ. పెద్దన్న "పద" అన్నాక తమ్ముడు వద్దనడు. ఒకవేళ వద్దన్నా, "ఏందిరా, భయపడుతున్నావా?" అని ఒక్క మాట, అంతే, వాడు నోరు మూసుకుని వెనకాలే వస్తాడు. మాకు పెట్టిన రూల్ ఏంటంటే, గ్రూపులో ఎవరు వద్దన్నా, చిన్నవాడైనా, కారణం చెప్పలేకపోయినా, అందరూ ఆగాలి. తర్వాత వాడిని ఎగతాళి చేయకూడదు. బురుజు తమ్ముడూ, మీ గ్యాంగ్‌లో ఇది కుదురుతుందా లేదా అనేది హోటల్ బుక్ చేసేముందే తేల్చుకోండి.

దేవునికడప
ఆర్మీలో సీనియారిటీ ఉన్నా సరే, రోప్ మీద చివరి జవాను చెయ్యెత్తితే ఆగేవాళ్లం.

కొండారెడ్డి బురుజు (కర్నూలు)
నిన్న రాత్రి ఇదంతా గ్రూపులో పెట్టాను. ఇద్దరు "అతి చేస్తున్నావు" అన్నారు, ఒకడు మాత్రం నాకు విడిగా మెసేజ్ చేశాడు, వాడికి మొదటి నుంచీ ఇష్టం లేదట, చెప్పలేకపోయాడట. కాబట్టి ఫేజ్ 2 నుంచి బయట దిగడం ఈ సీజన్‌కు పక్కన పెట్టాం. ఫిబ్రవరిలో పిస్ట్ మీదే, మధ్యలో అవలాంచ్ కోర్సు దొరికితే అందరూ కలిసి చేస్తాం, ఒక్కరు మానేసినా చేయం. అమ్మకు ఈ సంగతి చెప్తే టికెట్ల మాట ఆపేసింది, సగం నమ్మినట్టుంది.

పెన్నా గట్టు అన్నా, వచ్చే ఆదివారం మీ ఇసుక ప్రాక్టీస్‌కు మేం రావచ్చా? మా దగ్గర బీకన్లు లేవు.

పెన్నా గట్టు (కడప)
రండి. మా దగ్గర రెండున్నాయి, వంతులేసుకుందాం. కర్నూలు నుంచి శనివారం సాయంత్రమే బయల్దేరి ఇక్కడ పడుకోండి, పొద్దున ఆరు తర్వాత వస్తే ఎండకు మీరే ఆగలేరు. పారలు, నీళ్లు, టోపీలు మీవి. బీకన్ ఎక్కడ పాతామో గట్టు మీది పిల్లకాయలు ముందే చెప్పేస్తుంటారు, వాళ్లకు బిస్కెట్లు కూడా తెచ్చుకోండి.

ఉగ్గాని బజ్జి (అనంతపురం)
పాతేది నేను. ఎవడికీ దొరకదు.