వీఎఫ్39 వేసిన డబ్ల్యూఆర్‌ఎక్స్‌కి 255 పంపు: రిలే వైరింగ్ కావాలా, అక్కర్లేదా?

కొత్త_సుబారు:
అందరికీ నమస్కారం. ఉండేది డాలస్. బండి 2004 ఇంప్రెజా డబ్ల్యూఆర్‌ఎక్స్, 2.0 లీటర్ ఈజే205. కంపెనీ టీడీ04 టర్బో తీసి పెద్దదైన వీఎఫ్39 టర్బో, 650 సీసీ ఇంజెక్టర్లు వేశారు. 93 ఆక్టేన్ పెట్రోలు మీద 18 పీఎస్ఐ బూస్ట్‌కి (టర్బో తోసే గాలి ఒత్తిడి) ట్యూన్, అంటే ఇంజన్ కంప్యూటర్ సర్దుబాటు, అయింది. పెట్రోలు పంపు మాత్రం కంపెనీదే. ఫుల్ థ్రాటిల్‌లో 4500 ఆర్‌పీఎం దగ్గర ఏఎఫ్ఆర్ (గాలి పెట్రోలు నిష్పత్తి) 11.1 ఉంటుంది, 6300 దాటేసరికి 12.2కి పోతోంది. ఇంజెక్టర్ డ్యూటీ (తెరుచుకుని ఉండే సమయం) 76 శాతమే. గంటకి 255 లీటర్ల వాల్‌బ్రో పంపు వేద్దామని. బ్యాటరీ నుంచి నేరుగా రిలే (కరెంటుతో పనిచేసే స్విచ్) పెట్టి వైరు లాగాలా? వేశాక మళ్లీ ట్యూన్ తప్పదా?

టర్బో_బాబాయ్:
లాగు తమ్ముడూ, ఆలోచించకు. 30 యాంపుల రిలే, బ్యాటరీకి జానెడు దూరంలో 20 యాంపుల ఫ్యూజు, 10 గేజ్ వైరు. రిలేని మేల్కొలపడానికి పాత పంపు వైరు వాడొద్దు, అందులో పంపు కంట్రోల్ మాడ్యూల్ కోసి కోసి పంపే కరెంటు వస్తుంది, రిలే టకటకలాడుతుంది. ఇగ్నిషన్‌లో ఉన్న వేరే స్విచ్డ్ వైరు పట్టుకో. కంపెనీ వైరు సన్నం, పైగా ఇరవై ఏళ్లది. ఓల్టు తగ్గితే మోటారు నెమ్మదిస్తుంది, పంపు మీద 255 అని రాసున్నా అంత రాదు. మళ్లీ ట్యూన్ ఎందుకు? పంపు పెద్దదైతే ఇంజన్‌కి ఎక్కువ పెట్రోలు పోదు. ప్రెషర్ నిలబడుతుంది, అంతే.

ఓమ్మీటర్:
ఆగండి. ఇంకా ఎవరూ ప్రెషర్ అడగనేలేదు.

ఈ బండికి రెగ్యులేటర్ నిలబెట్టే తేడా ప్రెషర్, అంటే పెట్రోలు ప్రెషర్‌లోంచి బూస్ట్ తీసేస్తే మిగిలేది, 43.5 పీఎస్ఐ, 3 బార్. బూస్ట్ 18 ఉన్నప్పుడు ఇంజెక్టర్లకి పెట్రోలు అందించే రైల్లో 61.5 ఉండాలి. ఏఎఫ్ఆర్ 11.1 నుంచి 12.2కి పోయిందంటే పెట్రోలు సుమారు 9 శాతం తగ్గింది. ఇంజెక్టర్ ప్రవాహం ప్రెషర్ వర్గమూలంతో పోతుంది కాబట్టి అంత తగ్గాలంటే తేడా ప్రెషర్ 36కి పడిపోవాలి. అప్పుడు గేజ్ మీద 61.5 బదులు 54 కనిపించాలి. అది కనిపిస్తే తప్పు పంపుదో వైరుదో ఫిల్టర్‌దో. 61 దగ్గరే స్థిరంగా ఉంటే పంపుకి సంబంధమే లేదు, పై రేంజ్‌లో మాఫ్ (గాలి ప్రవాహం కొలిచే సెన్సర్) స్కేలింగ్ తప్పింది. అలాంటి బండికి పంపు వేయడమంటే కాలు విరిగినవాడికి కళ్లజోడు పెట్టడమే.

గోలీసోడా:
కళ్లజోడు 😂

టర్బో_బాబాయ్:
మాస్టారూ, 320 హార్స్‌పవర్ అనుకుందాం. టర్బో బండికి హార్స్‌పవర్‌కి గంటకి 0.6 పౌను చొప్పున 192 పౌన్లు, అంటే 87 కిలోలు. లీటరు 0.74 కిలో అనుకుంటే గంటకి 118 లీటర్లు. ఇరవై ఏళ్ల పంపు 61 పీఎస్ఐ మీద అంత నెడుతుందని నమ్మకమేంటి? పంపు ఎలాగూ మార్చాలి. మార్చేటప్పుడే వైరు కూడా.

ఓమ్మీటర్:
ఆ లెక్క తప్పని నేననలేదండి. పంపు మార్చొద్దనీ అనలేదు. రిలే ఎందుకని అడుగుతున్నాను. ఆ బండిలో పంపుకి కంట్రోల్ మాడ్యూల్ ఉంది. ఐడిల్‌లో 33 శాతం, మధ్యలో 66, లోడ్ మీద 100 శాతం డ్యూటీ ఇస్తుంది. మీరు చెప్పినట్టు లాగితే ఐడిల్‌లో కూడా 100 శాతమే. 255 పంపు తోసే పెట్రోలంతా వెనక్కి పంపే సత్తా ఆ రెగ్యులేటర్‌కి, ఆ సన్నని రిటర్న్ పైపుకి లేదు. 43.5 ఉండాల్సిన తేడా 50కి ఎక్కిందనుకోండి, ప్రతి పల్స్‌కి 7 శాతం ఎక్కువ పెట్రోలు పడుతుంది.

టర్బో_బాబాయ్:
7 శాతానికి ఇంత గోలా? క్లోజ్డ్ లూప్‌లో, అంటే మామూలుగా నడిపేటప్పుడు, ఆక్సిజన్ సెన్సర్ సరిచేస్తుంది.

ఓమ్మీటర్:
సరిచేస్తుంది, సరిచేసింది గుర్తుపెట్టుకుంటుంది కూడా. మీరు దాటేస్తున్నది అదే. సుబారు ఈసీయూ (ఇంజన్ కంప్యూటర్) గాలి ప్రవాహాన్ని నాలుగు రేంజ్‌లుగా విడగొట్టి ఒక్కోదానికి ఒక్కో దిద్దుబాటు నేర్చుకుంటుంది. పై రేంజ్‌లో నేర్చుకున్నదాన్ని ఓపెన్ లూప్‌కి, అంటే ఫుల్ థ్రాటిల్‌కి మోసుకెళ్తుంది. హైవే మీద రిటర్న్ ఉక్కిరిబిక్కిరై ప్రెషర్ ఎక్కితే అక్కడ మైనస్ 5 శాతం నేర్చుకుంటుంది. మీరు పెడల్ తొక్కగానే ఇంజన్ పెట్రోలంతా తాగేస్తుంది, రిటర్న్‌కి పోయేది తగ్గుతుంది, ప్రెషర్ మామూలుకొస్తుంది, ఆ మైనస్ 5 మాత్రం అలాగే ఉంటుంది. రిచ్ (పెట్రోలు ఎక్కువ) అవుతుందని భయపడితే 18 పీఎస్ఐ మీద లీన్ (పెట్రోలు తక్కువ) అయి కూర్చుంటుంది.

హైద్రాబాద్_టీఎస్ఐ:
అన్నా, మధ్యలో వస్తున్నా. పోలో జీటీ టీఎస్ఐకి కూడా ఈ 255 పడుతుందా? ఇక్కడ ఇప్పుడు పెట్రోలు ఈ20 (20 శాతం ఇథనాల్) కదా, ఎక్కువ కావాలంటున్నరు.

గుంతకల్_జంక్షన్:
మీది డైరెక్ట్ ఇంజెక్షన్, కథే వేరు తమ్ముడూ. ట్యాంకులో పంపు కొన్ని బార్ల ప్రెషర్‌తో ముందుకి అందిస్తుంది, దాన్ని 100 బార్ పైకి లేపేది ఇంజన్ మీద క్యామ్ నడిపే పంపు. ముందు ఏది చాలట్లేదో సెన్సర్ల రికార్డు, అంటే లాగ్‌లో చూడాలి. దీనికి వేరే దారం (థ్రెడ్) తెరువు.

టర్బో_బాబాయ్:
ఓమ్మీటర్ గారూ, పుస్తకంలో ఉన్నది బాగానే చెప్పారు. ఆ మాడ్యూల్ డిక్కీ పక్కన ఇరవై ఏళ్లుగా వేడెక్కుతూ ఉంది. దాని గుండా పెద్ద పంపు కరెంటు పంపితే అదే మొదట పోతుంది. రోడ్డు మధ్యలో ఆగిపోతే ఈ దిద్దుబాటు (ట్రిమ్) లెక్కలు బండిని తోస్తాయా?

ఓమ్మీటర్:
450 లీటర్ల పంపు పెడితే మీ మాటే నిజం, మాడ్యూల్‌కి అది మోయలేని బరువు. 255కి ఆ ఇబ్బంది లేదు, ఈ బండ్లలో మాడ్యూల్ మీదే తిరుగుతున్న 255లు ఎన్నో ఉన్నాయి. కానీ ప్రతి దారంలోనూ మీ జవాబు రిలే కిట్టే. ఆ కిట్లు మీరే కట్టి అమ్ముతారన్న సంగతి కూడా కొత్తవాళ్లకి తెలిస్తే బాగుంటుంది.

టర్బో_బాబాయ్:
అమ్ముతా. నా ప్రొఫైల్లోనే ఉంది, దాచిందేం లేదు. నలభై డాలర్ల కిట్టు అమ్మి మేడలు కట్టానా? మీరు చేసేదేంటి? ప్రతివాడినీ లాగ్ తీయి, ట్యూనర్‌కి పంపు, మళ్లీ లాగ్ తీయి అని తిప్పడం. 500 డాలర్లు కట్టాక మూడు వారాలకి ఒక్క లైను జవాబిచ్చే ట్యూనర్ల చేతిలో పడిన మాకు తెలుసు ఆ నొప్పి. పంపు మార్చిన ప్రతిసారీ ఇంకో 500 కట్టమంటే ఎవడు కడతాడు?

గోలీసోడా:
ఇదీ అసలు సంగతి.

ఓమ్మీటర్:
చూశారా, ఇన్ని పోస్టులూ రిలే గురించి కొట్టుకున్నాం. మీ పంచాయితీ రిలేతో కాదు, ట్యూనర్‌తో. మళ్లీ ట్యూన్‌కి వెళ్లకుండా బయటపడే దారి మీకు కావాలి, అది రిలేలో ఉందనుకుంటున్నారు. నిజానికి ఉన్నది మాడ్యూల్ ఉంచుకోవడంలోనే. మాడ్యూల్ ఉంచి 255 వేసి, ప్రెషర్ అన్ని చోట్లా 43.5 తేడాలోనే ఉంటే పాత ట్యూన్ చెల్లుతుంది. నేరుగా లాగారా, ప్రెషర్ మారుతుంది. అప్పుడు అడ్జస్టబుల్ రెగ్యులేటర్, దాని తర్వాత మీరు తప్పించుకోవాలనుకున్న ఆ 500 డాలర్లు.

టర్బో_బాబాయ్:
రెగ్యులేటర్ కూడా వేయమనే నా మాట. ఇవాళ 93 ఆక్టేన్ అన్నవాడు రేపు ఈ85 (ఎక్కువ భాగం ఇథనాల్) అంటాడు, డాలస్‌లో అది దొరుకుతుంది కూడా. అప్పుడు ఇదే 118 లీటర్లు 160 పైకి పోతుంది.

ఓమ్మీటర్:
ఆ రోజు వస్తే ఎలాగూ ట్యూనర్ దగ్గరికి వెళ్లాల్సిందే. ఈ85కి గాలి పెట్రోలు నిష్పత్తే 14.7 కాదు, 9.8 దగ్గర. అతను అడిగింది ఈ రోజు బండి గురించి.

కొత్త_సుబారు:
గొడవ పెట్టినందుకు క్షమించండి. కొలతలు ఇవిగో. ప్రెషర్: 4500 దగ్గర 61, 6400 దగ్గర 55. ఓల్టులు ఫుల్ లోడ్ మీద: బ్యాటరీ దగ్గర 14.0, పంపు కనెక్టర్ దగ్గర 12.3.

ఓమ్మీటర్:
బ్రహ్మాండం. 100 శాతం డ్యూటీలో కొలిచారు కాబట్టి ఆ 12.3ని నమ్మొచ్చు, 33 శాతంలో మీటరు సగటు చూపించి మోసం చేస్తుంది. ఇప్పుడు ఆ 1.7 ఓల్టులు ఎక్కడ పోయాయో విడదీయండి. మీటరు ఎర్ర పిన్ను బ్యాటరీ ప్లస్ మీద, నల్ల పిన్ను పంపు ప్లస్ మీద. తర్వాత పంపు మైనస్ నుంచి బ్యాటరీ మైనస్‌కి. రెండూ లోడ్ మీదే.

కొత్త_సుబారు:
ప్లస్ వైపు 0.5. మైనస్ వైపు 1.2.

ఓమ్మీటర్:
ఎర్త్. ప్లస్‌కి ఎంత లావు వైరు లాగినా ఆ 1.2 అలాగే ఉండేది. ఎర్త్ వైరు బోల్టు విప్పి, రింగు కింద పెయింటు, తుప్పు గీకి, మెరిసేదాకా రుద్ది బిగించండి. మళ్లీ కొలిచి, 0.3 లోపు రాకపోతే మాడ్యూల్ కనెక్టర్ పిన్నులు చూడండి.

టర్బో_బాబాయ్:
నా కిట్టులో ఎర్త్ వైరు కూడా వస్తుంది, ఎవరూ అడగలేదు.

గోలీసోడా:
😂😂

గుంతకల్_జంక్షన్:
ఎర్త్ బాగుచేసినా పంపు వేయమనే నేనూ అంటాను, 118 లీటర్ల లెక్కలో బాబాయ్‌ది న్యాయమే. ఇంతమంది పంపు గురించి రాశారు, వేయడం గురించి ఒక్కరూ రాయలేదు. చెడేది అక్కడే.

ట్యాంకు పావు లోపు ఉండాలి. పంపు రిలే కనెక్టర్ పీకి ఇంజన్ స్టార్ట్ చేయి, ఆగిపోయేదాకా వదిలేయి, ఇంకో 5 సెకన్లు క్రాంక్ చేయి. అప్పుడు బ్యాటరీ మైనస్ తీయి. వెనక సీటు మెత్త లేపితే ప్యాసింజర్ వైపు మూత కనిపిస్తుంది. విప్పే ముందే చుట్టూ మట్టి వాక్యూమ్‌తో లాగేయి, లేదంటే అదంతా ట్యాంకులో పడుతుంది. డెలివరీ, రిటర్న్, జెట్ పంపు, మూడు గొట్టాలు. ఏది ఎక్కడిదో టేపు అంటించు. ఈ ట్యాంకు జీను ఆకారం, ఎడమ గదిలో పెట్రోలుని కుడి వైపుకి లాగేది జెట్ పంపే. ఆ గొట్టం తారుమారైతే సగం ట్యాంకు ఉండగానే బండి ఆగుతుంది, నువ్వు కొత్త పంపుని తిడతావు.

అంచు చుట్టూ 8 నట్లు. అసెంబ్లీని నిలువుగా లాగొద్దు, ఫ్లోట్ చేయి వంగి గేజ్ అబద్ధాలు చెబుతుంది. పక్కకి వంచి తీయి.

లోపల పంపుకీ మూతకీ మధ్య గొట్టం: దాని మీద 30ఆర్10 అని అచ్చు ఉండాలి. ట్యాంకు లోపల మునిగి ఉండటానికి చేసింది అదొక్కటే. పార్ట్స్ షాపులో చేతికిచ్చే 30ఆర్7 లోపల మాత్రమే పెట్రోలు తట్టుకుంటుంది, బయట కూడా పెట్రోల్లో నానితే ఉబ్బి పగులుతుంది. అప్పుడు పంపు తిరుగుతూనే ఉంటుంది, ప్రెషర్ ట్యాంకులోకే పోతుంది. క్లాంపులు ఇంజెక్షన్ రకంవే, పళ్లున్నవి గొట్టాన్ని కోస్తాయి. జల్లెడ ట్యాంకు అడుగుని తాకాలి, వేలెడు పైన ఉంటే తక్కువ పెట్రోల్లో మలుపు తిరిగినప్పుడల్లా గాలి పీలుస్తుంది. వైర్ల ప్లస్ మైనస్ రెండుసార్లు చూసుకో, తిరగబడితే పంపు చప్పుడు వస్తుంది, ప్రెషర్ రాదు.

నట్లు ఎదురెదురుగా బిగించు, టార్క్ 4.4 న్యూటన్ మీటర్లు, మణికట్టు బలం చాలు. తర్వాత స్టార్ట్ చేయకుండా తాళం ఆన్ ఆఫ్ నాలుగుసార్లు తిప్పి, టార్చి వేసి తడి ఉందేమో చూడు.

ఇవన్నీ గ్యారేజీ తలుపు తెరిచి, వీలైతే బండిని బయటికి తోసి. అమెరికాలో చాలా ఇళ్లలో గ్యాస్ వాటర్ హీటర్ గ్యారేజీలోనే ఉంటుంది, దాని పైలట్ మంట నేలకి కొంచెం పైనే. పెట్రోలు ఆవిరి పాకేది నేల మీదే.

టర్బో_బాబాయ్:
పంపు కొనేటప్పుడు నకిలీ చూసుకో. వాల్‌బ్రో 255 పేరుతో దొంగ సరుకు చాలా ఉంది. సగం ధరకి ఇస్తున్నాడంటే అదే. ఇది మాత్రం ఓమ్మీటర్ గారు కూడా ఒప్పుకుంటారు.

ఓమ్మీటర్:
ఒప్పుకున్నాను. రాసిపెట్టుకోండి.

పర్యవేక్షకుడు:
కిట్ల ధరలు, అమ్మకం మాటలు ఇకపై అమ్మకాల విభాగంలో. దారం తెరిచే ఉంచుతున్నా.

కొత్త_సుబారు:
ఎర్త్ గీకాక మైనస్ వైపు 0.2కి వచ్చింది. 6400 దగ్గర ప్రెషర్ 58.5, ఏఎఫ్ఆర్ 11.6. అసలైన పంపు తెప్పించి విప్పుతున్నా, రిలే లేకుండా. 8 నట్లలో ఏడు వచ్చాయి. ఎనిమిదోది స్టడ్‌తో సహా తిరుగుతోంది. ఏం చేయాలి?

గుంతకల్_జంక్షన్:
గ్రైండర్ జోలికి మాత్రం పోకు. తుప్పు వదిలే నూనె కొట్టి రాత్రంతా వదిలేయి. రేపు స్టడ్ చివరని లాకింగ్ ప్లయర్‌తో పట్టుకుని నట్టు తిప్పు.

టర్బో_బాబాయ్:
నూనె కొట్టే ముందు చుట్టూ గుడ్డ పెట్టు. ఫొటో తీసి ఇక్కడ పెట్టు, చూద్దాం.