మా పాప 'ఎందుకు'లకు ఎలా జవాబు చెప్పాలి?

మా పాపకు నాలుగున్నరేళ్ళు. పొద్దున పళ్ళు తోముకునేటప్పుడు మొదలుపెడితే రాత్రి నిద్రపోయేదాకా 'ఎందుకు' అంటూనే ఉంటుంది. ఇడ్లీ ఎందుకు ఉబ్బింది, బల్లి గోడ మీంచి ఎందుకు పడదు, సముద్రం నీళ్ళు ఉప్పగా ఎందుకుంటాయి... ఉప్పు సంగతి ఎలాగో గట్టెక్కాను. వాన నీళ్ళు రాళ్ళలోని లవణాలను కొద్దికొద్దిగా కరిగించి నదుల ద్వారా సముద్రంలో కలుపుతాయి, నీళ్ళు ఆవిరైపోతే ఉప్పు మిగులుతుంది అని చెప్పి, పళ్ళెంలో ఉప్పునీళ్ళు ఎండబెట్టి చూపించాను. మిగిలిన తెల్లపొడి వేలితో నాకి, "అవును నాన్నా!" అంది. ఆ రోజు నేను గెలిచాను.

మొన్న రాత్రి బండి మీద వస్తుంటే, "చందమామ మన వెంటే ఎందుకొస్తున్నాడు?" అంది. ఆయన సుమారు 3,84,000 కిలోమీటర్ల దూరంలో ఉన్నాడు, మనం కాస్త జరిగినా ఆయన కనిపించే దిక్కు మారదు, దగ్గరున్న చెట్లే వెనక్కి పోతాయి అన్నాను. కాసేపు ఆలోచించి, "మరి అమ్మమ్మ వెంట ఎవరు వెళ్తున్నారు?" అంది. నోట మాట రాలేదు.

"దేవుడు అలా చేశాడని చెప్పి ఊరుకోండి" అంటుంది మా ఆవిడ. నాకు మనసొప్పడం లేదు. అలాగని ఆఫీసు నుంచి అలసిపోయి వచ్చిన రోజు విసుక్కుంటాను కూడా, తర్వాత బాధపడతాను.

పిల్లలున్నవాళ్ళు చెప్పండి. చందమామ సంగతి ఇంట్లో వస్తువులతో చూపించే ఉపాయం ఏదైనా ఉందా? తెలియనప్పుడు "నాకూ తెలీదమ్మా" అనేస్తే ఫరవాలేదా? బల్లి సంగతి కూడా ఇంకా బాకీ ఉంది.