విద్యార్థులు తమ వాయింపును తామే గమనించుకునేలా ఎలా నేర్పాలి?

వయొలిన్ నేర్పిస్తుంటాను. పిల్లల వేళ్లు బాగానే తిరుగుతున్నాయి. కానీ "ఇప్పుడెలా వాయించావు?" అంటే "బాగానే", లేదా "తప్పులు వచ్చాయి", అంతే. ఎక్కడ, ఎందుకు అన్నది నేను చెప్పేదాకా ఎదురుచూస్తారు.

వాయించేటప్పుడు ధ్యాసంతా వేళ్ల మీదే ఉండి, తమ శబ్దం తమకు సరిగా వినపడదు. అందుకే ఫోన్‌లో రికార్డ్ చేసి వినిపిస్తున్నాను. ఒకసారి శ్రుతి కోసమే, ఇంకోసారి లయ కోసమే వినమంటే చాలా స్పష్టంగా మాట్లాడుతున్నారు. మెట్రోనోమ్ (టిక్ టిక్ మంటూ సమానంగా లయ చూపే పరికరం) పెట్టి వాయించిన రికార్డింగ్ వింటే ఎక్కడ పరుగెత్తారో వాళ్లే పట్టుకుంటున్నారు. అది చూస్తే ఎంత సంతోషమో!

కష్టమంతా ఇంటి సాధన దగ్గరే. డైరీ రాయమంటే "అరగంట చేశాను" అని రాస్తారు. విద్యా మనస్తత్వవేత్త బారీ జిమ్మర్‌మన్ సొంతంగా నేర్చుకోవడాన్ని మూడు దశలుగా చెప్పారు: ముందు ఆలోచన, చేస్తూ గమనించడం, తర్వాత సమీక్ష. మా పిల్లలు మొదటిదే వదిలేస్తున్నారని నా అనుమానం. ఇవాళ ఏం సరిచేయాలో ముందే అనుకోకపోతే చివర్లో దేన్ని సమీక్షిస్తారు?

సాధనకు ముందు, తర్వాత మీరు ఏ ప్రశ్నలు అడుగుతారు? చిన్నపిల్లలకు రాత కన్నా మాటల్లో చెప్పించడమే నయమా? కొందరు తమ రికార్డింగ్ వినగానే టెన్షన్ పడి ముడుచుకుపోతారు. వాళ్లతో ఎలా మొదలుపెట్టాలో ముఖ్యంగా చెప్పండి.